గోడ మీద అ

అడుగులాయన చేతిలో కొలత టేపు చూసినవాళ్ళు లేరు. ముట్టనని ఒట్టేమీ పెట్టుకోలేదు గానీ, అవసరం పడలేదంటాడు. చుట్టుపక్కల ఏ ఇంట్లో సెప్టిక్ ట్యాంకు నిండినా, ఏ దొడ్లో గొట్టం పూడుకుపోయినా ఆయనకే ఫోను. వచ్చి, ఇంటి వెనక గోడకి వీపు ఆనించి, ముక్కుసూటిగా ముందుకి చూసి, నోట్లో లెక్క పెట్టుకుంటూ నడిచేవాడు. ఆగినచోట ఇనప ఊచ గుచ్చితే లోపల మూత ఠంగుమని మోగాల్సిందే. పైన గడ్డి పెరిగినా, పందిరి లేచినా, ఇల్లు చేతులు మారినా సరే. అందుకే జనం ఆయన అసలు పేరు మర్చిపోయి అడుగులాయన అన్నారు.

ఆ పని నేర్పినాయన ఎప్పుడో ఒక మాట అన్నాడట: "టేపు అయితే ఇంట్లో మర్చిపోయి వస్తావు. కాళ్ళు మర్చిపోయి రాలేవు కదరా." మనవాడికి ఆ మాట పచ్చబొట్టు పొడిచినట్టు ఉండిపోయింది. ట్యాంకులోంచి వచ్చే మురుగునీరు భూమిలోకి ఇంకడానికి దొడ్లో ఒక ఇంకుడు గుంత తవ్వుతారు. దాన్ని పూడ్చి మూత వేశాక పైకి ఏమీ కనపడదు. మళ్ళీ వెతుక్కోవడానికి ఆయన ప్రతి ఇంటి వెనక గోడ మీదా నల్లరంగుతో ఒక బాణం గుర్తు వేసేవాడు. బాణం పక్కన ఒక అంకె, అంకె పక్కన ఒక అ. అ అంటే అడుగులు. అక్షరం మాత్రం గుండ్రంగా, చూడముచ్చటగా రాసేవాడు.

ఇక రెండో మనిషి బోరాయన. బోర్లు వేస్తాడు కాబట్టి ఆ పేరు. అడుగులాయన చెల్లెలి మొగుడు. వరసకి ఇద్దరూ ఒకరికొకరు బావలే, ఫోనెత్తి "ఏం బావా" అంటే అవతల ఎవరో ఇవతల ఎవరో ఇంట్లో ఆడవాళ్ళకి తెలిసి చచ్చేది కాదు. బోరాయన నడుముకి స్టీలు టేపు లేకుండా గడప దాటడు. భోజనానికి కూర్చున్నా అది అలాగే వేలాడుతుంది. "పీటకీ కంచానికీ ఎంత దూరమో కొలిచి కూర్చో బావా" అని అడుగులాయన ఆటపట్టిస్తే, "నువ్వు నోటికీ ముద్దకీ ఎన్ని అడుగులో నడిచి చూడు" అని ఆయన అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు. "నేను మంచినీళ్ళు పైకి తెస్తా, నువ్వు మురుగు పైకి తెస్తావు. తెచ్చినవన్నీ పైకొచ్చాయి గానీ, మనమిద్దరమే పైకి రాలేదు బావా." అలా నవ్వుకుంటూ ఇరవై ఏళ్ళు గడిపేశారు.

పనిలో ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉంది. ఇంకుడు గుంతకీ తాగేనీళ్ళ బోరుకీ మధ్య యాభై అడుగులు తగ్గకూడదు. కొత్త బోరు వేసే ముందు బోరాయన కబురు పెట్టేవాడు, అడుగులాయన వెళ్ళి గుంత మీద నిలబడి "ఇదిగో ఇక్కడ" అనేవాడు, బోరాయన ఆయన కాళ్ళ దగ్గర టేపు పెట్టి యాభై కొలిచేవాడు. అంతవరకూ ఏ గొడవా లేదు.

ఐదేళ్ళ కిందట అడుగులాయన మురుగు తోడే ట్యాంకర్ బండి మీంచి జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయింది, ఐదు నెలలు మంచానికి అతుక్కుపోయాడు. సరిగ్గా అప్పుడే బోరాయన వచ్చి, ఫలానాచోట బోరు వేయాలి, గుంత ఎక్కడుందో చూపించాలి కదా, నువ్వేమో ఇలా ఉన్నావు, ఏం చేద్దామన్నాడు.

"గోడ మీద రాసే ఉంది కదా బావా. చూసుకుని కొలుచుకో," అన్నాడు ఈయన. ఆ తర్వాత కాలు బాగుపడి నడిచినా బోరాయన మళ్ళీ పిలవలేదు, ఈయనా వెళ్ళలేదు. గోడ మీద రాత ఉండగా మనిషెందుకని ఇద్దరూ అనుకున్నారు.

ఈ ఏడాది వానలు మాత్రం మామూలుగా కురవలేదు. నలభై రోజులు ముసురు పట్టింది. పాతాళంలో ఉన్న నీరంతా పైకి ఉబికి, ఎక్కడ మట్టిని తన్నినా చెమ్మ తగిలేది. వానలు తగ్గాక, బోరాయన బోరు వేసిన ఒక టీచరమ్మ ఇంట్లో పిల్లలిద్దరికీ వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచి తీసుకొచ్చారు. బోరు నీళ్ళు పరీక్షకి పంపితే తాగడానికి పనికిరావని కాగితం వచ్చింది. ఆ కాగితం మీద సిరా ఆరకముందే జనం తీర్పు చెప్పేశారు: బోరాయన చచ్చు పైపు వేశాడు, అది పగిలింది, మురుగు లోపలికి దిగింది. మొన్నటిదాకా ఆయన వేసిన బోరు నీళ్ళు కొబ్బరినీళ్ళన్నవాళ్ళే ఇప్పుడు ఆయన కనపడితే మొహం తిప్పుకున్నారు. ఒప్పుకున్న రెండు పనులూ రద్దయ్యాయి.

సోమవారం పొద్దున టీచరమ్మ అడుగులాయనకి ఫోను చేసింది. ట్యాంకూ గుంతా కూడా ఓసారి చూసి చెప్పమంది. ఆయన ఊచ పట్టుకుని వెళ్ళాడు.

పిల్లలిద్దరూ వసారాలో చాప మీద పడుకుని ఉన్నారు. పెద్దదానికి మోచేతులు పుల్లల్లా ఉన్నాయి. చిన్నవాడు ఈయన్ని చూసి నవ్వబోయి ఓపిక లేక మానేశాడు.

"ఇదుగోండి కాగితం," అంది టీచరమ్మ. "తాగడానికే కాదు, కూరలు కడగడానికి కూడా వద్దన్నారు. ట్యాంకు వైపునుంచి ఏమీ రావట్లేదని మీరొక మాట చెబితే, ఇక బోరు సంగతి తేల్చుకుంటాం."

"చూద్దామమ్మా," అని ఆయన వెనక్కి వెళ్ళాడు. గోడ మీద బాణం అలాగే ఉంది. 20 అ. వీపు ఆనించి నడిచాడు. ఇరవై దగ్గర ఆగి ఊచ గుచ్చాడు. మెత్తటి మట్టి. అటు గుచ్చాడు, ఇటు గుచ్చాడు. మట్టే. ఈ మధ్య ఇలాగే అవుతోంది, మోకాలు పాడయ్యాక అడుగు చిన్నదైపోయింది, ఎక్కడికెళ్ళినా నాలుగైదు అడుగులు ఎక్కువ వేయాల్సొస్తోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంకో ఐదు నడుద్దామనుకున్నాడు.

"అదేమిటండీ, అంత దూరం వెళ్ళిపోయారు?" అంది టీచరమ్మ వెనకనుంచి. "మీరే కదా ఇరవై అడుగులని రాశారు. ఇరవై అంటే ఇక్కడే." ఇంటికి దగ్గరగా బట్టలారేసే తీగ ఉంది, దాని కింద నిలబడి చూపించింది. "బోరాయన కొలిచినప్పుడు టేపు రెండో కొస నేనే పట్టుకున్నాను. ఇరవై ఇక్కడికొచ్చింది. ఇక్కడినుంచి ఇంకో యాభై లెక్కేసి అక్కడ బోరు వేశాడు. అంత శ్రద్ధగా కొలిచినవాడు పైపు దగ్గర ఎందుకు కక్కుర్తిపడ్డాడో."

అడుగులాయన వెనక్కి తిరిగి ఆ తీగ వైపు చూశాడు. మళ్ళీ ముందుకి తిరిగి ఇంకో ఐదు అడుగులు నడిచి ఊచ గుచ్చాడు. ఠంగుమంది. తలెత్తి చూస్తే నీలంరంగు మూత పెట్టిన బోరు పైపు ఎదురుగా ఉంది. పది అడుగులు నడిస్తే చేతికి తగులుతుంది.

ఊచ వదలకుండానే గోడ వైపు తిరిగి లెక్క వేసుకున్నాడు. మంచి మోకాలున్నప్పుడు ఆయన ఒక్క అడుగు వేస్తే టేపు మీద రెండున్నర అడుగులు. ఇరవై వేస్తే యాభై. గోడ మీద రాసింది అది. గుంత గోడకి యాభై అడుగుల దూరంలో ఉంటే, టేపు మనిషి వచ్చి ఇరవై కొలుచుకుని, గుంత ఇక్కడే ఉందనుకుని, అక్కడినుంచి యాభై కొలిచాడు. డెబ్భై దగ్గర బోరు వేశాడు. యాభై ఉండాల్సిన దూరం ఇరవై అయి కూర్చుంది. పప్పులో కాలేయడమంటారే, ఇది అంతకంటే అధ్వానం, కాలు వేసింది మురుగులో, తాగింది పసిపిల్లలు.

"ఏమైందండీ, అలా ఉండిపోయారు?"

"ఏం లేదమ్మా. మూత బాగానే ఉంది."

"గుంతలో ఏమీ తేడా లేదంటారా?"

"గుంతకేం. గుంత గట్టిగానే ఉంది."

"అయితే తప్పు బోరుదేనన్నమాట."

అప్పుడు చెప్పొచ్చు. నోరుంది, నాలుకుంది, ఎదురుగా అడుగుతున్న మనిషి ఉంది. అమ్మా, పైపుది కాదు, నా రాతది అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. కానీ ముప్పై ఏళ్ళుగా అడుగులాయన అడుగు తప్పదన్న పేరు మోసుకు తిరిగిన మనిషికి ఆ ఒక్క ముక్క అనడం చేతకాలేదు. నీళ్ళు నమిలాడు. ఆ నీళ్ళ ఇంట్లో, ఆ పిల్లల ఎదురుగా నిలబడి నీళ్ళు నమిలాడు.

"ఏమోనమ్మా," అన్నాడు చివరికి. "అయ్యుండొచ్చు."

ఆ మాట ఆయనకంటే ముందు ఊరు చేరింది. సాయంత్రానికల్లా, సొంత బావే అన్నాడట పైపుది తప్పని, ఇంకేం కావాలి, అనుకోవడం మొదలైంది.

ఆ సాయంత్రమే మేనకోడలు ఫోను చేసింది. చెల్లెలి కూతురు, ఎనిమిది నెలల పసిపాపతో పుట్టింట్లోనే ఉంటోంది, మొగుడు లారీ మీద నెలకి ఇరవై రోజులు ఊళ్ళు తిరుగుతాడు. "మామయ్యా, అందరూ ఏవేవో అంటుంటే భయంగా ఉంది. పాపకి డబ్బా పాలు మన బోరు నీళ్ళతోనే కలుపుతున్నా. కాచి కలుపుతానంటే నాన్న నా నీళ్ళకి పొయ్యెందుకే అని కోప్పడతాడు. నువ్వు చెప్పు, ఆ నీళ్ళు పట్టొచ్చా?"

ఆయన ఫోను ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. ఆ ఒక్క ఇల్లే, టీచరమ్మ ఇల్లొక్కటే, ఏదో అలా జరిగిపోయింది అని పొద్దుటినుంచి తనకి తాను నచ్చచెప్పుకుంటున్నాడు. మిగతా ఇళ్ళ వైపు ఆలోచన వెళ్ళబోతే ఈడ్చి వెనక్కి తెచ్చుకుంటున్నాడు. ఇప్పుడు వద్దంటే ఎందుకంటుంది. ఎందుకో చెబితే మొత్తం చెప్పాలి.

"నిక్షేపంగా పట్టు తల్లీ," అన్నాడు. "మీ నాన్న వేసిన బోరు. దానికేం."

"హమ్మయ్య. నువ్వు చెప్పావంటే ఇక బెంగలేదు," అని పెట్టేసింది.

మంగళవారం, బుధవారం ఆయన పని మీద పని పెట్టుకున్నాడు. ఎవరూ పిలవకపోయినా ట్యాంకర్ గొట్టాలు విప్పి కడిగాడు, కడిగినవే మళ్ళీ కడిగాడు. అన్నం ముందు కూర్చుంటే టీచరమ్మ కొడుకు నవ్వబోయి మానేసిన మొహం కళ్ళలో తిరిగేది. రేపు వెళ్ళి చెబుదాం అనుకునేవాడు. ఆ రేపు వచ్చాక ఇంకో రేపు ఉందనుకునేవాడు.

గురువారం మధ్యాహ్నం చెల్లెలు ఫోను చేసింది.

"అన్నయ్యా, ఓసారి వచ్చిపో. ఆయన రెండు రోజులుగా మెతుకు ముట్టట్లేదు. నువ్వు టీచరమ్మ దగ్గర ఏదో అన్నావట."

"నేనేమన్నాను?"

"ఏమో, నన్నడుగుతావేం. వచ్చి ఆయనతోనే చెప్పు."

వెళ్ళక తప్పలేదు. వెళ్ళేసరికి బోరాయన దొడ్లో గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నిలువెత్తు పైపు ముక్క గోడకి ఆనించి ఉంది, కింద కొసకి బిరడా బిగించి లోపల నిండా నీళ్ళు పోశాడు. పైపు చుట్టూ నేల మీద పొడి ఇసుక చల్లాడు. చుక్క కారితే తెలియాలని.

"రా బావా," అన్నాడు తల తిప్పకుండానే. "ఇది టీచరమ్మ బోరులో వేయగా మిగిలిన ముక్క. మూడు రోజులనుంచి నీళ్ళు పోసి చూస్తున్నా. ఇసుక తడవట్లేదు."

అడుగులాయన అక్కడున్న బల్ల మీద కూలబడ్డాడు.

"పైపు తప్పని నువ్వన్నావట. జనం అంటే పట్టించుకోను, వాళ్ళకేం తెలుసు. నువ్వన్నావంటే ఏదో చూసే అనుంటావు." బోరాయన ఇప్పుడు ఇటు తిరిగాడు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. నడుముకి టేపు మాత్రం అలాగే వేలాడుతోంది. "నాకు కనపడనిది ఏం చూశావో చెప్పు బావా. అతుకు దగ్గరా? బిగింపు దగ్గరా? తప్పయితే తప్పని ఒప్పుకుంటా. ఏం తప్పో తెలియక చస్తున్నా."

తిట్టినా బాగుండేది. కాలర్ పట్టుకుని నిలదీస్తే ఎదురు తిరగొచ్చు. ఈ నమ్మకానికి ఎలా ఎదురు తిరుగుతాడు. వంగి ఇసుక తాకి చూశాడు, పొడిగానే ఉంది.

చెల్లెలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. "ముందు దాహం తీర్చుకో. మొహం అలా వాడిపోయిందేమిటి నీది కూడా?"

నిజంగానే నాలుక పిడచగట్టుకుపోతోంది. గ్లాసు ఎత్తాడు. ఎత్తిన గ్లాసు పక్కనుంచి ఇంటి వెనక గోడ కనిపించింది. వెలిసిపోయిన బాణం. దాని పక్కన, తన చేత్తో గుండ్రంగా రాసిన అక్షరం. 18 అ.

ఈ ఇంటి గుంత తవ్వినప్పుడు బోరాయన వేరే ఊళ్ళో పనిలో ఉన్నాడు. ఈ ఇంటి బోరు వేసినప్పుడు తను మంచం మీద ఉన్నాడు. గోడ మీద రాసే ఉంది కదా బావా అన్నది ఈ బోరు గురించే. ఆ తర్వాత వందసార్లు ఈ దొడ్లో కూర్చున్నాడు, ఈ బల్ల మీదే కూర్చుని తిన్నాడు, చిక్కుడు పాదుకీ బోరుకీ మధ్య పాప బట్టలు ఆరడం చూశాడు. చూశాడంతే. ఆ పాదు దేని మీద పాకుతోందో ఎప్పుడూ తట్టలేదు. ఇప్పుడు తట్టింది. పాదు మొదలు దగ్గర గుంత మూత ఉంది, బోరు అక్కడికి పట్టుమని పాతికడుగులు లేదు.

లోపలనుంచి పాప ఏడుపు వినిపించింది. గట్టి ఏడుపు కాదు, ఓపిక లేని ఏడుపు. మేనకోడలు పాపని భుజాన వేసుకుని, రెండో చేత్తో పాలసీసా ఊపుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"మంగళవారం నుంచి ఒకటే విరేచనాలు మామయ్యా. పళ్ళొస్తున్నాయేమో అంటోంది అమ్మ. పాలు పడితే కాసేపు ఊరుకుంటుంది, మళ్ళీ మొదలు." అంటూనే సీసా పాప నోటికి అందించబోయింది.

"పట్టకు."

అంత పెద్ద గొంతు ఆయనదని ఎవరూ అనుకోలేదు. చేతిలో గ్లాసు ఎప్పుడు జారిందో తెలియదు, లేచి కుంటుకుంటూ వెళ్ళి సీసా లాక్కున్నాడు. పాప బెదిరి ఇంకా ఏడ్చింది.

"ఏమైంది అన్నయ్యా నీకు?" అంది చెల్లెలు.

"ఆ నీళ్ళు పట్టకండి. ఎవరూ తాగకండి. పాపని ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఇప్పుడే." ఆయన సీసా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. "పైపుది తప్పు కాదు బావా. నీది కాదు. గోడ మీద రాత తప్పు."

బోరాయన గోడ వైపు చూశాడు. "పద్దెనిమిది అడుగులు. నేను కొలిచే వేశాను కదా. అ అంటే అడుగులే కదా?"

"అడుగులే."

"మరి?"

"నా అడుగులు బావా. కాలి అడుగులు. టేపు అడుగులు కావు."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది బోరాయనకే.  నడుముకున్న టేపు తీసి, కొస బావ చేతిలో పెట్టాడు.

"నడువు," అన్నాడు.

అడుగులాయన గోడకి వీపు ఆనించి నడిచాడు. పద్దెనిమిది వేసి ఆగాడు. "ఇంకో నాలుగైదు వేయాలి. కాలు మునుపటిలా లేదు," అన్నాడు సిగ్గుతో చచ్చిపోతూ. చిక్కుడు పాదులోకి వెళ్ళి చేతులతో మట్టి గీకితే అంగుళం లోతులో సిమెంటు మూత తగిలింది. అక్కడ టేపు కొస పట్టుకుని వంగి కూర్చున్నాడు. బోరాయన రెండో కొస లాక్కుంటూ బోరు దగ్గరికి వెళ్ళాడు. ఎక్కువ లాగాల్సిన పని లేకపోయింది.

"ఇరవైమూడు," అన్నాడు. ఇంకోసారి చదివాడు. "ఇరవైమూడే."

చెల్లెలు లోపలికి వెళ్ళింది. బిందెలు, గిన్నెలు, తాగేనీళ్ళ కుండ, ఒక్కొక్కటే తెచ్చి దొడ్లో బోర్లించింది. అన్నం వండిన గిన్నె దగ్గర ఒక్క క్షణం ఆగి, దాన్ని కూడా బోర్లించింది. మేనకోడలు పాప గుడ్డలు సంచిలో సర్దుకుంది. వీధి మలుపు దగ్గర ఆటో ఉంటే పిలిచారు.

"ఇంకెన్ని బావా?" అన్నాడు అడుగులాయన, కూర్చున్నచోటనుంచి లేవకుండా.

"నువ్వు రావడం మానేశాక వేసినవి పధ్నాలుగు. మొదటిది ఇదే." బోరాయన టేపు చుట్టి నడుముకి తగిలించుకోబోయి, మళ్ళీ చేతిలోనే పట్టుకున్నాడు. "ఇరవై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని తిన్నాం. ఆ అ ఏ అడుగని నేను ఒక్కసారి అడగలేదు. నువ్వు చెప్పలేదు. అది ఇద్దరిదీ. సోమవారం తెలిసి కూడా నోరు మూసుకున్నావు చూడూ, అది మాత్రం నీ ఒక్కడిదే."

"అవును బావా."

"నా పరువు బజారున పడితే పడింది. ఈ మూడు రోజులూ మిగతా పదమూడు ఇళ్ళలో అవే నీళ్ళు తాగుతూ ఉన్నారు."

అడుగులాయనకి కళ్ళనీళ్ళు వచ్చాయి, తుడుచుకుందామంటే చేతులనిండా మట్టి.

ఆటో వచ్చి ఆగింది. చెల్లెలు ముందు ఎక్కింది. మేనకోడలు పాపని భుజాన వేసుకుని గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి చిక్కుడు పాదు దగ్గర నిలబడింది. మొహంలో కోపం లేదు. ఉంటే కాస్త నయంగా ఉండేది.

"నేను నిన్ను అడిగాను మామయ్యా," అంది.

 పాప తల మీద గుడ్డ కప్పి వెళ్ళి ఆటో ఎక్కింది. ఆటో మలుపు తిరిగేదాకా అడుగులాయన అలాగే చూస్తూ ఉన్నాడు.

బోరాయన లోపలికి వెళ్ళి, కూర్చుని ఆ ఇళ్ళన్నీ గుర్తు తెచ్చుకుని కాగితం మీద రాసి, చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఆసుపత్రికి నేనూ వెళ్ళేవాణ్ణే, వెళ్ళి అక్కడ చేసేదేమీ లేదు, ముందు మిగతా ఇళ్ళ సంగతి చూడాలి అని తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. స్కూటర్ తీశాడు. అడుగులాయన వెనక ఎక్కబోతే మోకాలు వంగక ఇబ్బందిపడ్డాడు. ఎప్పుడూ అయితే బోరాయన, కాలు కూడా నేనే ఎత్తి పెట్టాలా బావా అని ఎగతాళి చేసేవాడు. ఇప్పుడు దిగి, చెయ్యి పట్టుకుని ఎక్కించి, బండి స్టార్ట్ చేశాడు.

"మొదట ఎక్కడికి?" అన్నాడు రోడ్డెక్కాక.

"టీచరమ్మ ఇంటికి."

"వాళ్ళు ఎలాగూ ఆ నీళ్ళు మానేశారు కదా. తెలియని ఇళ్ళు ముందు చూద్దాం."

"దారిలోనే కదా బావా. అక్కడ నేను అబద్ధం చెప్పాను. ముందు అది చెప్పేసి వస్తా, రెండు నిమిషాలు. లేకపోతే మిగతా గుమ్మాల ముందు నాకు నోరు పెగలదు."

బోరాయన బండి అటే తిప్పాడు. టీచరమ్మ గేటు ముందు ఆపేసరికి అడుగులాయన జేబులో ఫోను మోగింది. చెల్లెలు.

"సెలైన్ ఎక్కిస్తున్నారు అన్నయ్యా. నరం దొరక్క మూడుచోట్ల పొడిచారు. ఇప్పుడే ఏమీ చెప్పలేమంటున్నారు." గొంతు పొడిపొడిగా ఉంది. "ఏ నీళ్ళు పట్టారు, ఎన్నాళ్ళనుంచి అని డాక్టరు అడుగుతున్నాడు. ఏం చెప్పమంటావు?"

"ఉన్నది చెప్పమ్మా. గుంతకీ బోరుకీ ఇరవైమూడు అడుగులే ఉందని చెప్పు. నేను రాసిందాన్ని బట్టే అలా వేశారని చెప్పు."

 అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినపడింది.

గేటు చప్పుడుకి టీచరమ్మ బయటికొచ్చింది. అడుగులాయన్ని చూసింది, ఆయన వెనక స్కూటర్ దగ్గర నిలబడ్డ బోరాయన్ని చూసి మొహం ముడుచుకుంది. వసారాలో చిన్నవాడు లేచి కూర్చుని, ఎవరొచ్చారా అని తొంగి చూస్తున్నాడు.

"మళ్ళీ వచ్చారేమిటండీ?" అంది.

ఈసారి ఆవిడ ఇంకేమీ అడగకముందే అడుగులాయన చెప్పడం మొదలుపెట్టాడు.